మైకు లేని పూట

నా పేరు మస్తానయ్య.
నామాలు పెట్టుకునే ఇంట్లో పుట్టి
కసుమూరు దర్గా మొక్కుతో దక్కిన పేరు.
ముందు ముగ్గురు పోయాక నిలిచిన నలుసును నేను.
నా పుట్టువెంట్రుకలు దర్గాలో ఇచ్చి
ఇంటికొచ్చి నరసింహస్వామికి టెంకాయ కొట్టిందట మా అమ్మ.
"ఇంతకీ ఎవరు కాపాడినారమ్మా నన్ను?" అంటే
"బతికుండావు గదా, లెక్కలెందుకురా నీకు" అనేది.

పొదిలిలో దర్శి రోడ్డు మలుపు కాడ
నాది మైకుసెట్టు అంగడి.
రెండు ఆంప్లిఫయర్లు, ఆరు హారన్లు,
గోతం నిండా చిక్కులు పడ్డ వైరు.

ఆ ఏడు రంజానూ శ్రీరామనవమీ
ఒక్క నెలలో వచ్చినాయి.
ఒక్కటే స్తంభం.
తూర్పుకు మసీదు హారను, పడమరకు భజనమందిరం హారను.
మొదటి రోజు చలమయ్య వచ్చి చెవిలో అన్నాడు,
"ఒక పాయింటు పెంచు."
మర్నాడు జిలానీ సాయిబు అన్నాడు, "మాదీ కొంచెం."
పెంచినాను.
సిగ్గు విడిచి చెబుతుండా, నేనే పెంచినాను.
రెండు హారన్లు నాలుగైనాయి,
అద్దె రెండు పక్కలా నాదే గదా.
వారం తిరిగేసరికి
టీ అంగడి బల్ల మీద రెండు గుంపులు
వీపులు తిప్పుకుని కూర్చోవడం చూసి కూడా
నోట్లు లెక్కపెట్టుకుంటా ఉండినాను.

స్తంభం కిందనే రేకుల ఇల్లు.
అందులో సువార్తమ్మ,
పొగాకు గ్రేడింగు కూలి, ఊళ్ళో ఎవరికీ ఏమీ కాదు.
మెట్ల మీద పడి తల పగిలి
ఒంగోలు నుంచి కుట్లతో తెచ్చినారు.
చిన్న చప్పుడైనా
కొడవలి దిగినట్టు గిలగిల్లాడతా ఉందంట.
కోడలు కమిటీల దగ్గరికి పోలేదు.
చీకటి పడకముందే నా దగ్గరికొచ్చి
కొంగు నలుపుకుంటా నిలబడింది.
"అన్నా, ఒక్క పూట."

ఎవర్నీ అడగలేదు నేను.
నిచ్చెనేసి ఎక్కి
రెండు వైర్లూ పీకేసినాను.

ముందు తిట్లు వచ్చినాయి. రెండు పక్కలనుంచీ, సమంగా.
"వాళ్ళకు అమ్ముడుపోయినాడు" అని ఇద్దరూ అన్నారు.
రేకుల తలుపు వైపు చెయ్యి చూపించినాను, అంతే.

ఇఫ్తారు వేళ దాటిపోతా ఉంది.
జిలానీ సాయిబు మిద్దెక్కి
చెవులకు చేతులు అడ్డం పెట్టి, ఒట్టి గొంతుతో పిలిచినాడు.
ఉబ్బసం మనిషి.
సగంలో ఊపిరి తెగి, ఆగి, మళ్ళీ అందుకున్నాడు.
ఇరవై ఏళ్ళుగా ఆ పిలుపు వింటుండా గానీ
అందులో ఆయాసం ఉందని నాకు తెలీదు.
భజనమందిరం అరుగు మీద
చలమయ్య తాళాలు ఒళ్ళో పెట్టుకుని
ఆ పిలుపు పూర్తయ్యేదాకా ఊరకుండినాడు.
తర్వాత సన్నగా ఎత్తుకున్నాడు.
శ్రుతి లేదు, పళ్ళు లేని రామా, రామా.
మసీదు గోడ మీద ఖర్జూరం నములుతా ఉన్న పిలకాయలు
నవ్వబోయి, ఎందుకో నవ్వలేదు.

సువార్తమ్మ ఆ రాత్రి నిద్రపోయింది.

అందరి దేవుడూ ఒక్కడే అని
సభల్లో పెద్దలు నా మైకులోనే చెబుతారు.
ఏమో, నాకు తెలీదు.
జిలానీ సాయిబు దేవుడు నాకు అర్థం కాడు,
సువార్తమ్మ ప్రభువూ అంతే.
అర్థం కావాలని రూలేం ఉంది?
నాకు తెలిసింది కరెంటు పని.
ఫేజూ న్యూట్రలూ
ఒకే గొట్టంలో, ఎవరి తొడుగు వాళ్ళకుండి
పక్కపక్కన నడుస్తాయి. బల్బు వెలుగుతుంది.
రెండూ ఒక్కటేనని
తోలు వొలిచి మెలిబెట్టి చూడు,
వీధి వీధంతా చీకటి.

అట్లని అంతా మారిపోయిందంటే అబద్ధం.
నాలుగో రోజు మళ్ళీ హారన్లు కట్టినాను.
"మూడు మీద పెట్టు చాలు" అన్నాడు జిలానీ సాయిబు.
చలమయ్య వచ్చి, అటూ ఇటూ చూసి అడిగినాడు,
"వాళ్ళెంత పెట్టుకున్నారు?"
"మూడు."
వక్క నములుతా చాలాసేపు ఆలోచించి
"అయితే మనకూ మూడే" అన్నాడు.
రెండడుగులు పోయి వెనక్కి తిరిగి,
"రెండున్నర పెట్టు పో" అన్నాడు.